బ్రేకు తొక్కితే ఆరిపోయే ఎర్రదీపం: ట్రైలర్ వైరింగ్‌లో లోపం వెతికే విజ్ఞానం

వరి కోతలు ముగిసి ధాన్యం బస్తాలు మార్కెట్ యార్డుకు తరలే రోజులు. చీకటి పడే వేళకు ట్రాక్టరు వెనుక ట్రైలర్ తగిలించి, ఏడు పిన్నుల ప్లగ్గును సాకెట్టులో పెట్టి, డ్రైవరు లైట్ల స్విచ్ వేస్తాడు. ట్రైలర్ వెనుక రెండు ఎర్రదీపాలూ వెలుగుతాయి. అంతా సరిగానే ఉందనుకుని బయల్దేరబోతూ ఒకసారి బ్రేకు తొక్కి చూస్తే, వెలుగు పెరగాల్సింది పోయి రెండు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోతాయి. పెడలు మీద నుంచి కాలు తీస్తే మళ్లీ వెలుగుతాయి.

“కొత్త బల్బులే వేశానన్నా, అయినా అంతే” అని డ్రైవరు వాపోతే, ఆటో ఎలక్ట్రీషియన్ బల్బు వైపు తిరిగి చూడకుండానే “బల్బుది కాదు తమ్ముడూ, ఎర్త్ పోయింది” అంటాడు.

చూడకుండానే ఎలా చెప్పగలిగాడు? అనుభవంతో చెప్పాడు, నిజమే. కానీ ఆ అనుభవం వెనుక హైస్కూలు భౌతికశాస్త్రంలో చదువుకునే ఓమ్ నియమమే ఉంది. జర్మనీ శాస్త్రవేత్త గేయార్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన ఆ సూత్రం అర్థమైతే, ధాన్యం మోసే ట్రైలర్‌లోనైనా, విదేశాల్లో కుటుంబాలు విహారానికి కారు వెనుక లాక్కెళ్లే ఇల్లులాంటి కారవాన్ ట్రైలర్‌లోనైనా వైరింగ్ లోపాన్ని ఒక పద్ధతి ప్రకారం పట్టుకోవచ్చు.

చిన్న దీపం, పెద్ద ప్రమాదం

వెనుక దీపం వెలగకపోతే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మోటారు సైకిలు సెకనుకు సుమారు 16.7 మీటర్లు ముందుకు వస్తుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు పట్టడానికి మనిషికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆ లోపే బండి 25 మీటర్లు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు. డిమ్ లైటులో ముందున్న దారి ముప్పై, నలభై మీటర్లకు మించి స్పష్టంగా కనిపించదు. అంటే దీపం లేని ట్రైలర్ కంటపడే సరికే ఆగే అవకాశం చేజారిపోయి ఉంటుంది. అదే 5 వాట్ల ఎర్రదీపం సరిగా వెలుగుతుంటే వందల మీటర్ల దూరం నుంచే కనబడుతుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో సాగే బండి వెనుక ఆ చిన్న దీపమే కాపలా.

ఏడు పిన్నుల కథ

ట్రాక్టరులోనూ, కారులోనూ 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు ఇచ్చే ఆరు సెల్స్ అందులో వరుసగా ఉంటాయి. పూర్తిగా చార్జయిన బ్యాటరీ, ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తుంటే ఆల్టర్నేటరు దాన్ని 14 వోల్టుల దాకా తీసుకెళ్తుంది.

విద్యుత్ ప్రవాహం బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయల్దేరి, ఫ్యూజు, స్విచ్, తీగ, బల్బు దాటి తిరిగి రుణ ధ్రువానికి చేరితేనే వలయం పూర్తవుతుంది. వెళ్లే దారి ఎంత ముఖ్యమో, తిరిగొచ్చే దారి కూడా అంతే ముఖ్యం. వాహనాల్లో తిరుగుదారికి విడిగా తీగ వేయకుండా ఇనుప చాసిస్‌నే వాడుకుంటారు. మెకానిక్కుల భాషలో అదే ‘బాడీ ఎర్త్’. భూమితో దానికి సంబంధం లేకపోయినా ఆ పేరు స్థిరపడిపోయింది.

ట్రైలర్‌కు సొంత బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు రాకపోకలన్నీ మధ్యలో ఉన్న ప్లగ్గు, సాకెట్టు ద్వారానే జరగాలి. 12 వోల్టుల వాహనాల ఏడు పిన్నుల ప్లగ్గుకు ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 1వ పిన్ను ఎడమ సిగ్నల్‌కు, 2వది వెనుక ఫాగ్ లైటుకు, 3వది ఎర్త్‌కు, 4వది కుడి సిగ్నల్‌కు, 5వది కుడి టెయిల్ లైటుకు, 6వది బ్రేకు లైట్లకు, 7వది ఎడమ టెయిల్ లైటుకు. తీగల రంగులు అదే వరుసలో పసుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు, నలుపు.

ఈ ఏడింటిలో 3వ పిన్నుది ప్రత్యేక స్థానం. మిగతా పిన్నులు ఒక్కో దీపానికి కరెంటు తీసుకెళ్తాయి. అన్ని దీపాల నుంచి తిరిగొచ్చే కరెంటు మాత్రం ఈ ఒక్క పిన్ను గుండానే వెళ్లాలి. కాలువలు ఎన్ని ఉన్నా మురుగు పోయే తూము ఒక్కటే అయితే, ఆ తూము పూడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

చిక్కుముడి విడేది ఇక్కడే

ఇప్పుడు మొదటి చిక్కుకు వద్దాం. చాలా ట్రైలర్లలో వెనుక బల్బు ఒకటే అయినా లోపల ఫిలమెంట్లు రెండు. 5 వాట్ల ఫిలమెంటు టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేకు లైటుకు. రెండింటి రెండో కొసలూ బల్బు అడుగున ఉన్న లోహపు భాగానికి, దాని ద్వారా ఎర్త్‌కు కలుస్తాయి. సిగ్నల్ లైట్లు లేని, ఇలాంటి రెండు బల్బులు మాత్రమే ఉన్న ట్రైలర్‌ను ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

ఎర్త్ తీగ తెగిపోయిందనుకుందాం. టెయిల్ లైటు స్విచ్ వేస్తే కరెంటు 5 వాట్ల ఫిలమెంట్ల గుండా బల్బు అడుగు దాకా వస్తుంది. అక్కడి నుంచి ఎర్త్‌కు దారి లేదు. కానీ ఇంకో దారి తెరిచే ఉంది. అదే బల్బులోని 21 వాట్ల బ్రేకు ఫిలమెంటు. కరెంటు ఆ ఫిలమెంటులో వెనక్కి ప్రవహించి, బ్రేకు తీగ పట్టుకుని ట్రాక్టరు దాకా వెళ్లి, అక్కడ ట్రాక్టరు సొంత బ్రేకు బల్బుల ద్వారా ఎర్త్‌ను చేరుతుంది. దొడ్డిదారినైనా వలయం పూర్తయింది కాబట్టి దీపం వెలుగుతుంది.

మరి దారిలో ఉన్న బ్రేకు ఫిలమెంటు ఎందుకు వెలగదు? వెలుగుతున్న 5 వాట్ల ఫిలమెంటు నిరోధం సుమారు 29 ఓములు. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంటు నిరోధం ఒక ఓము లోపే. వరుసగా ఉన్న రెండు నిరోధాల్లో పెద్దదాని మీదే ఎక్కువ వోల్టేజి పడుతుంది. అందువల్ల టెయిల్ ఫిలమెంటు దాదాపు పూర్తి వెలుగుతో ఉంటే, బ్రేకు ఫిలమెంటు వేడెక్కను కూడా వేడెక్కదు. బయటి నుంచి చూసేవారికి లోపం ఉన్నట్టే తెలియదు.

బ్రేకు తొక్కగానే బ్రేకు తీగలోకి కూడా 12 వోల్టులు వస్తాయి. ఇప్పుడు టెయిల్ తీగ 12 వోల్టుల దగ్గర ఉంది, బ్రేకు తీగ కూడా అక్కడే ఉంది. రెండు కొసల మధ్య పొటెన్షియల్ తేడా లేనప్పుడు ప్రవాహం ఉండదు. రెండు ఫిలమెంట్లూ చల్లబడతాయి, దీపం ఆరిపోతుంది. అసలు వెలుగు ఎక్కువ కావాల్సిన క్షణంలోనే ట్రైలర్ చీకట్లో కలిసిపోతుంది.

సిగ్నల్ లైట్లు కూడా ఉంటే ఈ దొడ్డిదారులు ఇంకా పెరుగుతాయి. ఎడమ సిగ్నల్ వేస్తే టెయిల్ లైట్లు మినుకుమినుకుమనడం, బ్రేకు తొక్కితే రెండు సిగ్నళ్లూ మసకగా వెలగడం లాంటి వింతలన్నీ దీని పిల్లలే. ఒక స్విచ్ వేస్తే సంబంధం లేని ఇంకో దీపం స్పందిస్తే ముందుగా ఎర్త్‌నే అనుమానించాలి.

ఎర్త్ ఎందుకు పోతుంది?

చాలా ట్రైలర్లలో విడిగా ఎర్త్ తీగ ఉండదు, లేదా ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. ట్రాక్టరుకూ ట్రైలర్‌కూ మధ్య ఉన్న హుక్కు, పిన్ను ద్వారానే కరెంటు తిరిగి వెళ్తుంటుంది. ఆ కీలుకు గ్రీజు పూస్తారు, గ్రీజు కరెంటును సరిగా పోనివ్వదు. గతుకుల్లో కీలు కదిలిన ప్రతిసారీ లోహాల తాకిడి మారుతుంది. దీపం మినుకుమనడానికి ఇది చాలు.

రెండో శత్రువు తుప్పు. ఇనుము తడి, గాలి తగిలి ఐరన్ ఆక్సైడుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. బోల్టు కింద పేరుకున్న తుప్పు లగ్గును పైకి నెట్టేస్తుంది. తుప్పు సరైన వాహకం కూడా కాదు. రాగి లగ్గు, ఇనుప చాసిస్ కలిసే చోట తడి చేరితే అక్కడ ఒక చిన్న విద్యుత్ ఘటమే తయారై, రెండింటిలో చురుకైన ఇనుము త్వరగా తినుకుపోతుంది. ఆ తడిలో ఉప్పు కలిస్తే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. సముద్రతీర ప్రాంతాల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది. పొలం ట్రైలర్‌లో పొటాష్ ఎరువు బస్తాలు చిరిగి రాలుతుంటాయి. పొటాష్ అంటే ఎక్కువగా పొటాషియం క్లోరైడు, అది కూడా లవణమే. ఎరువులు మోసిన సీజను తర్వాత దీపాలు మొరాయించడం యాదృచ్ఛికం కాదు.

మసక వెలుగు వెనుక లెక్క

దీపం ఆరిపోకుండా మసకబారితే అక్కడ జరిగేది వోల్టేజి నష్టం. తీగకు కూడా నిరోధం ఉంటుంది. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగకు మీటరుకు సుమారు 0.017 ఓములు. తీగ సగం సన్నబడితే నిరోధం రెట్టింపవుతుంది.

ట్రాక్టరు నుంచి ట్రైలర్ వెనుక దాకా 8 మీటర్ల దూరం అనుకుందాం. చవగ్గా దొరికిందని అర చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే దాని నిరోధం సుమారు 0.28 ఓములు. 21 వాట్ల బల్బు ఒక్కోటి 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి, రెండు బ్రేకు బల్బులకు 3.5 ఆంపియర్లు. వోల్టేజి అంటే ప్రవాహం, నిరోధాల లబ్ధం. బ్రేకు తీగలోనే దాదాపు ఒక వోల్టు పోయింది. ఎర్త్ తీగలో టెయిల్ లైట్ల కరెంటు కూడా కలుస్తుంది కనుక అక్కడ ఇంకో 1.2 వోల్టులు. చివరికి బల్బుకు దక్కేది 9.8 వోల్టులే.

12లో 9.8 పోతే పోయింది కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే ఎంతో వేగంగా తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది. ఈ లెక్కన 9.8 వోల్టుల దగ్గర వెలుగు సగానికి పడిపోతుంది. అదే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం మూడో వంతుకు తగ్గి, వెలుగు 80 శాతం వరకూ నిలుస్తుంది. ఇదంతా అతుకులు శుభ్రంగా ఉన్నప్పటి మాట. తుప్పు పట్టిన ఒక్క అతుకు ఈ 8 మీటర్ల తీగ కంటే ఎక్కువ నష్టం చేయగలదు.

వెతికే వరుస

లోపం ఎక్కడుందో తెలియకుండా టేపులన్నీ విప్పుతూ పోతే ఉన్న లోపానికి తోడు కొత్తవి పుట్టుకొస్తాయి. ముందు జాగ్రత్తగా ట్రైలర్ చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టాలి. ఇంజను ఆపి ఉంచాలి. గడ్డి, పత్తి లాంటి సరుకు ఉంటే దించేయాలి. ఆ తర్వాత ఈ వరుసలో వెళ్లడం మంచిది.

ఒకటి: లక్షణాలను రాసుకోవాలి. టెయిల్, బ్రేకు, ఎడమ, కుడి స్విచ్‌లను ఒక్కొక్కటే వేసి, ఏ దీపం ఎలా స్పందిస్తుందో కాగితం మీద పెట్టాలి. ఒక్క దీపమే వెలగకపోతే బల్బునో, దాని హోల్డరునో, ఆ ఒక్క తీగనో చూడాలి. దీపాలన్నీ కలిసి వింతగా ప్రవర్తిస్తే అది ఎర్త్ పనే. ఏదీ వెలగకపోతే ఫ్యూజు, ప్లగ్గు చూడాలి.

రెండు: బల్బు, ప్లగ్గు కళ్లతో చూడాలి. ఫిలమెంటు తెగిందేమో, ప్లగ్గు పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో, పిన్ను లోపలికి జారిందేమో గమనించాలి. లోపాల్లో చాలా భాగం ఇక్కడే దొరికిపోతాయి.

మూడు: అరువు ఎర్త్ ఇచ్చి చూడాలి. ఒక పొడవాటి తీగ తీసుకుని, ఒక కొసను బ్యాటరీ రుణ ధ్రువానికి, రెండో కొసను వెలగని దీపం లోహపు భాగానికి తాకించాలి. దీపం సరిగా వెలిగితే నేరస్తుడు దొరికినట్టే. రెండు నిమిషాల ఈ పరీక్షతో గంటల శ్రమ తప్పుతుంది. తాకించేది రుణ ధ్రువాన్నే అని ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

నాలుగు: సగం చేసి వెతకాలి. ట్రాక్టరు నుంచి దీపం దాకా ఎనిమిది అతుకులు ఉంటే ఒక్కొక్కటే చూస్తూ వెళ్లనక్కర్లేదు. ముందు మధ్యలో ఉన్న సాకెట్టు దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టి చూడాలి. 3వ పిన్నుకూ 6వ పిన్నుకూ మధ్య పెట్టి బ్రేకు తొక్కితే ల్యాంపు ప్రకాశవంతంగా వెలిగితే ట్రాక్టరు వైపు తప్పు లేదు, మిగిలింది ట్రైలర్ వైపే. ఆ మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఇలా ఎనిమిది అతుకుల్లో తప్పున్న ఒక్కదాన్ని మూడు పరీక్షల్లో పట్టుకోవచ్చు. పదహారు ఉంటే నాలుగు పరీక్షలు చాలు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మధ్య పేజీ తెరిచి, ఇటా అటా అని తేల్చుకునే పద్ధతే ఇది.

మల్టీమీటరు చెప్పే సగం నిజం

మల్టీమీటరు ఉంటే పని ఇంకా కచ్చితంగా జరుగుతుంది, కానీ దాని మాటను ఎలా వినాలో తెలియాలి. బల్బు తీసేసి హోల్డరులో మీటరు పెడితే 12.5 వోల్టులు చూపిస్తుంది. బల్బు పెడితే వెలగదు. మీటరు అబద్ధం చెప్పిందా?

చెప్పలేదు. మామూలు డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం కోటి ఓముల దాకా ఉంటుంది. అది తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. చాలా పోగులు తెగి ఒకే పోగు మిగిలిన తీగైనా, తుప్పు పొర గుండా అయినా ఆ కాస్త కరెంటు హాయిగా వెళ్లిపోతుంది. ప్రవాహం లేనప్పుడు వోల్టేజి నష్టమూ లేదు. 1.75 ఆంపియర్లు అడిగే బల్బు పెట్టినప్పుడే ఆ చెడ్డ అతుకు బండారం బయటపడుతుంది.

అందుకే కొలతలు దీపాలు వేసి ఉంచి తీయాలి. మీటరును 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ రుణ ధ్రువానికి, ఎర్ర ప్రోబు వెనుక దీపం లోహపు భాగానికి తాకించాలి. తిరుగుదారిలో ఎంత వోల్టేజి పోతుందో నేరుగా కనిపిస్తుంది. అర వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. ఒక వోల్టు దాటితే ఎక్కడో అతుకు చెడింది. ఎర్ర ప్రోబును దీపం నుంచి ముందుకు ఒక్కో అతుకు దాటిస్తూ వస్తే, అంకె ఒక్కసారిగా పడిపోయిన చోటే లోపం ఉన్నట్టు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

దీపం వెలగకపోవడం ఒక రకం లోపమైతే, ఫ్యూజు పోవడం దానికి పూర్తిగా వేరు. దారి తెగితే ప్రవాహం ఆగిపోతుంది. దారి మధ్యలోనే దగ్గరైతే, అంటే కరెంటు తీగ చాసిస్‌కు తాకితే, ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది. ఇదే షార్టు. చాసిస్ రంధ్రంలో రబ్బరు బుష్ లేకుండా దూర్చిన తీగ అదురుకు ఒరుసుకుపోయినా, ఎలుక కొరికినా ఇలాగే అవుతుంది.

షార్టయిన దారి నిరోధం మొత్తం 0.1 ఓము అనుకుంటే ప్రవాహం 120 ఆంపియర్లు. అక్కడ పుట్టే వేడి 1,440 వాట్లు, అంటే ఒక ఇస్త్రీ పెట్టె కంటే ఎక్కువ. సన్నని తీగ పైపొర క్షణాల్లో కరిగి అంటుకుంటుంది. పైన ఉన్నది వరిగడ్డో, పత్తో అయితే చెప్పనక్కర్లేదు. పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టెలోని రేకు పెట్టడం ఎందుకు తగదో ఈ లెక్క చెబుతుంది. పోయిన ఫ్యూజు ఒక హెచ్చరిక, దాని నోరు నొక్కేస్తే కాలేది బండి.

షార్టు వెతకడానికి ఒక తెలివైన ఉపాయం ఉంది. ట్రైలర్ బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బును రెండు తీగలతో కలపాలి. షార్టు ఉంటే ఆ బల్బు ప్రకాశవంతంగా వెలుగుతుంది. ప్రవాహం 1.75 ఆంపియర్లు దాటకుండా అదే అడ్డుకుంటుంది కాబట్టి తీగలు కాలవు. ఇప్పుడు ట్రైలర్ ప్లగ్గు పీకితే బల్బు ఆరిందంటే షార్టు ట్రైలర్‌లో ఉంది. ఆరకపోతే ట్రాక్టరులో ఉంది. అక్కడి నుంచి ఒక్కో భాగాన్నీ విడదీస్తూ, తీగలను కదిలిస్తూ వెళ్తే, బల్బు ఆరిన చోట లోపం దొరుకుతుంది.

ఎల్ఈడీ పెడితే చిక్కులు తీరతాయా?

కొన్ని తీరతాయి. ఎల్ఈడీ దీపం తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి సన్నని తీగలో వోల్టేజి నష్టమూ తక్కువే. గతుకులకు తెగిపోయే ఫిలమెంటు అందులో లేదు. అయితే డయోడు ఒకే దిశలో కరెంటును పోనిస్తుంది. ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు. సిగ్నల్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషరు చాలా వాహనాల్లో ఫిలమెంటు బల్బు తీసుకునే కరెంటును బట్టి పని చేస్తుంది. ఎల్ఈడీ పెడితే బల్బు పోయిందని పొరబడి వేగంగా కొట్టుకుంటుంది, లేదా అసలు కొట్టుకోదు. ఎల్ఈడీకి సరిపడే ఫ్లాషరు మార్చాలి. ఎర్త్ చెడితే మాత్రం ఎల్ఈడీ కూడా చేయగలిగిందేమీ లేదు.

విహార ట్రైలర్లలో ఇదే పాఠం

అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియాల్లో కారు వెనుక తగిలించుకుని వెళ్లే కారవాన్ ట్రైలర్లు ఎక్కువ. అందులో పడక, వంటగది, ఫ్రిజ్, నీళ్ల పంపు ఉంటాయి. దీపాల తీగలకు తోడు లోపలి బ్యాటరీతో నడిచే 12 వోల్టుల ఏర్పాటు, శిబిర స్థలాల్లో బయటి నుంచి తీసుకునే ఇంటి కరెంటు ఏర్పాటు కూడా ఉంటాయి. మూడు వ్యవస్థలు ఒకే గోడల వెనుక ఉన్నా, లోపం వెతికే పద్ధతి మారదు.

ప్రయాణంలో లోపలి బ్యాటరీ సరిగా చార్జవడం లేదన్నది తరచూ ఎదురయ్యే చిక్కు. కారు ఆల్టర్నేటరు 14.2 వోల్టులు ఇస్తున్నా, 10 మీటర్ల దూరానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో 10 ఆంపియర్లు వెళ్లి వస్తే 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీకి చేరేవి 12.8 వోల్టులే. నిండిన బ్యాటరీ తనంతట తానే చూపే వోల్టేజికి ఇది దాదాపు సమానం కాబట్టి చార్జింగ్ నత్తనడకన సాగుతుంది. లావు తీగో, బ్యాటరీ దగ్గర వోల్టేజిని పెంచే డీసీ-డీసీ చార్జరో దీనికి మందు.

అమెరికాలోని చాలా ట్రైలర్లకు విద్యుత్ బ్రేకులు ఉంటాయి. ప్రతి చక్రంలో సుమారు 3.2 ఓముల విద్యుదయస్కాంతం ఉంటుంది. నాలుగు చక్రాలవి సమాంతరంగా కలిస్తే 0.8 ఓము, 12 వోల్టులకు 15 ఆంపియర్లు. ఎర్త్ అతుకులో 0.2 ఓము తుప్పు చేరితే ప్రవాహం 12 ఆంపియర్లకు తగ్గి, బ్రేకు పట్టు సడలుతుంది. దీపం మసకబారితే కంటికి కనిపిస్తుంది, బ్రేకు మసకబారితే వాలులోనే తెలుస్తుంది.

రంగుల విషయంలోనూ అప్రమత్తత అవసరం. అమెరికాలో సాధారణంగా వాడే ఏడు పిన్నుల ఏర్పాటులో నల్ల తీగ నేరుగా బ్యాటరీ ధన ధ్రువానిది, గోధుమ రంగుది టెయిల్ లైట్లది, నీలం బ్రేకు అయస్కాంతాలది. ఐఎస్ఓ 1724లో నలుపు ఎడమ టెయిల్ లైటుది. మన ఊళ్లలో మరమ్మతుల్లో చేతికి దొరికిన రంగు తీగే వేస్తారు. కనుక రంగును నమ్మకుండా మీటరుతో సరిచూసుకోవాలి. ఇక కారవాన్‌లోని 120 లేదా 230 వోల్టుల వైరింగ్ ప్రాణాంతకం. దాన్ని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

మరమ్మతు నిలవాలంటే

తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒక వానాకాలం కూడా నిలవకపోవచ్చు. లగ్గు వేసి గట్టిగా నొక్కి, పైన తడి చేరకుండా కప్పాలి. ఎర్త్ బిగించే చోట రంగు, తుప్పు పోయి లోహం మెరిసే దాకా గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. బిగించాకే పూయాలన్నది ముఖ్యం. అన్నిటికంటే మేలైనది హుక్కు మీద ఆధారపడకుండా 3వ పిన్ను నుంచి ప్రతి దీపం దాకా విడిగా లావాటి ఎర్త్ తీగ వేయడం. బ్యాటరీ విప్పాల్సి వస్తే రుణ ధ్రువాన్ని ముందు విప్పాలి. అప్పుడు పానా చాసిస్‌కు తగిలినా నిప్పురవ్వలు రావు. వీటన్నిటితో పాటు వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పక ఉండాలి. కరెంటుతో పని లేకుండా, వచ్చే బండి వెలుగును తిరిగి దాని వైపే పంపే ఆ పలకలు దీపం పోయిన రాత్రి ఆదుకుంటాయి.

చేసి చూడండి

రెండు టార్చి సెల్స్, మూడు 2.5 వోల్టుల టార్చి బల్బులు, ఒక స్విచ్, కొన్ని తీగలు తీసుకోండి. మొదటి బల్బు టెయిల్ లైటు, రెండోది ట్రైలర్ బ్రేకు లైటు, మూడోది ట్రాక్టరు బ్రేకు లైటు అనుకోండి. మొదటి బల్బు ఒక కొసను సెల్ ప్లస్‌కు కలపండి. దాని రెండో కొస, రెండో బల్బు ఒక కొస కలిసే చోటును ‘ట్రైలర్ ఎర్త్’ అనండి. దాన్ని ఒక తీగతో సెల్ మైనస్‌కు కలపండి. రెండో బల్బు మిగిలిన కొసను మూడో బల్బుకు, మూడో బల్బు రెండో కొసను మైనస్‌కు కలపండి. రెండు, మూడు బల్బులు కలిసే చోటుకు ప్లస్ నుంచి స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వండి.

మొదట అన్నీ సరిగా పని చేస్తాయి. స్విచ్ వేయకముందు టెయిల్ లైటు ఒక్కటే, వేశాక మూడూ వెలుగుతాయి. ఇప్పుడు ‘ట్రైలర్ ఎర్త్’ నుంచి మైనస్‌కు వెళ్లే తీగ పీకేయండి. స్విచ్ తీసి ఉంటే మూడు బల్బులూ మసకగా వెలుగుతాయి, చీకటి గదిలో బాగా తెలుస్తుంది. స్విచ్ వేయగానే మొదటి రెండూ ఆరిపోయి మూడోది ఒక్కటే వెలుగుతుంది. మార్కెట్ యార్డుకు బయల్దేరిన ట్రైలర్‌లో జరిగింది ఇదే.

ఆలోచించండి

1. పై ప్రయోగంలో మూడు బల్బులూ మసకగా వెలిగాయి. అసలు ట్రైలర్‌లో మాత్రం టెయిల్ లైటు దాదాపు పూర్తిగా వెలిగింది. ఈ తేడా ఎందుకు?

2. హోల్డరు దగ్గర మల్టీమీటరు 12 వోల్టులు చూపుతోంది, బల్బు మంచిదే, అయినా వెలగడం లేదు. తర్వాత చేయాల్సిన పరీక్ష ఏమిటి?

3. కుడి సిగ్నల్ ఒక్కటే వెలగడం లేదు, మిగతా దీపాలన్నీ బాగున్నాయి. 3వ పిన్నును అనుమానించాలా? ఎందుకు?